బియ్యం ఇంటిదాకా వచ్చాయి, చెల్లెలి కంచం దాకా ఎందుకు రాలేదు?

ప్రశ్న: "అమ్మా, మా చెల్లికి పెళ్లయి ఏడాదిన్నర. అత్తగారిల్లు నారాయణపేట వైపు ఒక ఊళ్లో. ఇప్పుడు ఏడో నెల. మొన్న పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8 వచ్చింది. వాళ్లింట్లో తిండికి లోటు లేదు. నాలుగెకరాల పొలం ఉంది, రేషన్ బియ్యం వస్తాయి. అయినా అందరూ తిన్నాకే తను తింటుంది, చాలా రోజులు చారన్నంతోనే సరిపెట్టుకుంటుంది. అంగన్‌వాడీకి పంపమంటే 'అక్కడికి పోయి తినే ఖర్మ మనకేంటి' అంటున్నారు. రేషన్ కార్డులో పేరు ఇంకా ఎక్కలేదు. ఆహార భద్రత చట్టం ఉంది కదా. ఆ హక్కు ఇంటికా, మనిషికా?"

జవాబు:

బాబూ, నువ్వు చివర్లో అడిగిన మాటకు జవాబు పెద్దది. అంతకంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. అది ఈ వారంలోనే అయిపోవాలి కాబట్టి మొదట అదే రాస్తున్నాను.

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉండాలి. 10 లోపుకు దిగి 7 దాకా ఉంటే మధ్యస్థ రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్రం. మీ చెల్లి 7.8 దగ్గర ఉంది. కాన్పుకు ఇంకా రెండు నెలలు, మహా అయితే మూడు. కాన్పులో ఎవరికైనా కొంత రక్తం పోతుంది. ఒంట్లో రక్తం సరిగ్గా ఉన్నవాళ్లు తట్టుకుంటారు. 7.8 ఉన్న పిల్లకు అదే రక్తం పోతే ప్రాణం మీదికి రావచ్చు. మిగిలిన ఈ కొద్ది రోజుల్లో మాత్రలతోనే అంకె పైకొస్తుందా, నరంలోకి ఐరన్ ఎక్కించాలా అన్నది డాక్టరే చూసి చెప్పాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్ ఉచితంగా పరీక్ష చేసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. 9వ తేదీ రేపో ఎల్లుండో అయితే ఆ రోజు తీసుకెళ్లండి. దూరంగా ఉంటే దానికోసం ఆగొద్దు. కాన్పు ఎక్కడ చేయించాలో కూడా ఆ రోజే అడిగి తెలుసుకోండి. రక్తం ఎక్కించే వసతి ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి.

మాత్రల సంగతి. ఏఎన్ఎం (ఊరి నర్సమ్మ) ఇచ్చిన ఐరన్ మాత్రలు ఇంట్లో ఉండే ఉంటాయి. "వేసుకుంటున్నావా" అని మాత్రం అడగొద్దు, ఆ ప్రశ్నకు అందరూ అవుననే అంటారు. స్ట్రిప్పు ఫోటో పంపమను. వికారంగా ఉందనో, మలం నల్లగా వస్తోందనో, బిడ్డ నల్లగా పుడుతుందని పక్కింటావిడ అన్నదనో మానేసినవాళ్లను వందల మందిని చూశాను. మలం నల్లబడటం మామూలే. బిడ్డ రంగుకూ మాత్రకూ ఏ సంబంధమూ లేదు. అన్నం తిన్నాక వేసుకోవాలి. ముందొక గంట, తర్వాతొక గంట టీ తాగకూడదు. కాల్షియం మాత్ర అదే పూట వేసుకోకూడదు, రెండూ కలిస్తే ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు. పప్పులో నిమ్మకాయ పిండుకున్నా, ఒక జామకాయ తిన్నా ఐరన్ బాగా పడుతుంది. వికారం మరీ ఎక్కువైతే మానెయ్యకుండా డాక్టర్‌కు చెప్పాలి.

ఇక నువ్వు అడిగింది.

నేను 31 ఏళ్లు అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్‌లో పనిచేశాను. ఎక్కువ కాలం సూపర్‌వైజర్‌గా, అదీ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే. "వాళ్లింట్లో తిండికి లోటు లేదు" అనే మాట ఈ 31 ఏళ్లలో ఎన్ని గడపల్లో విన్నానో లెక్క లేదు. అది అబద్ధం కూడా కాదు. గాదెలో వడ్లుంటాయి, డబ్బాలో పప్పుంటుంది, పెరట్లో బర్రె ఉంటుంది. ఇంటికి లోటు లేకపోయినా ఇంట్లో ఒక మనిషికి లోటు ఉండొచ్చు. ఆ మనిషి ఎవరో రక్త పరీక్షలో తెలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగవాళ్లలో 25 శాతం. మన తెలంగాణలో ఆడవాళ్లది 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8. ఒకే పొయ్యి మీద వండిన అన్నం తిన్నవాళ్ల మధ్య ఇంత తేడా. నెలసరి, కాన్పులు కొంత కారణమే. అయితే రక్తం ఎక్కువ పోయే మనిషికి కంచంలో ఎక్కువ పడాలి కదా, మన ఇళ్లలో జరిగేది దానికి తలకిందులు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆరో నెల వచ్చినా బరువు పెరగని ఒక అమ్మాయి ఇంటికి వెళ్లి రోజంతా కూర్చున్నాను. తెల్లారి నాలుగింటికి లేచింది. వాకిలి, నీళ్లు, బర్రె పని, వంట. ఎనిమిదింటికి టీ తాగింది. పొలం నుంచి వచ్చి రాత్రి మళ్లీ వండింది. మామగారు, భర్త, మరిది తిన్నారు. తర్వాత పిల్లలు, అత్తగారు. జొన్నరొట్టెలు మొదటి వరసలోనే అయిపోయాయి. తొమ్మిదిన్నరకు ఆమె గిన్నె ముందు కూర్చుంటే రెండు గరిటెల అన్నం, కూర గిన్నె తుడిచిన పులుసు మిగిలాయి. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అత్తగారైతే "తిన్నవా బిడ్డా" అని అడిగింది కూడా. "తిన్న" అని ఆ పిల్ల చెప్పింది. ఆమె నోటి దగ్గరి ముద్ద లాక్కున్నవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. వరస అలా ఉంది. ఆ వరసలో చివర కూర్చునే మనిషికి రోజూ కొంచెం, ఏళ్ల తరబడి కొంచెం తగ్గుతూ వచ్చింది. దాన్ని నేను ఏ రిజిస్టర్‌లో రాయాలో ఆ రోజు నాకు తెలియలేదు. మా రిజిస్టర్లలో "కుటుంబం ఆర్థిక స్థితి: బాగుంది" అని రాసే గడి ఉంది, ఆమె కంచం గురించి రాసే గడి లేదు.

చట్టం కూడా చాలా కాలం ఇంటినే చూసింది. 2001లో రాజస్థాన్‌లో కరువు. జనం పస్తులుంటే ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం మూలుగుతోంది. దాని మీద పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసులో 2001 నవంబర్ 28న కోర్టు ఇచ్చిన ఆదేశం మాలాంటి వాళ్ల పనినే మార్చేసింది. అప్పటిదాకా అంగన్‌వాడీ తిండి, బడిలో మధ్యాహ్న భోజనం, రేషన్ సర్కారు దయతలచి ఇచ్చే పథకాలు. ఆ ఆదేశంతో అవి జనానికి హక్కులయ్యాయి. అంతకుముందు స్టాకు రాకపోతే "వచ్చినప్పుడు ఇస్తాంలే" అని తల్లులను పంపించేసేవాళ్లం. తర్వాత ఆ మాట అనడానికి భయపడ్డాం. ఆ భయం మంచిది. పన్నెండేళ్ల తర్వాత, 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చింది.

ఆ చట్టాన్ని జాగ్రత్తగా చదివితే నీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అందులో రెండు రకాల హక్కులున్నాయి. మొదటిది, బియ్యం ఇంటికి వచ్చే హక్కు. తలకు ఇన్ని కిలోలని లెక్క కట్టినా, సంచి మాత్రం ఇంటికే వస్తుంది. ఇంట్లోకి వచ్చాక ఎవరికి ఎంత అన్నది చట్టం అడగదు. రెండోది మనిషికే చెందిన హక్కు. చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం ప్రతి గర్భిణికీ, కాన్పు తర్వాత ఆరు నెలల దాకా, అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం ఇవ్వాలి. రోజుకు 600 కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల ప్రోటీన్ అందేలా ఉండాలని 2013లో అనుబంధంలో రాశారు. "ప్రతి గర్భిణికీ" అన్న మాట గుర్తుపెట్టుకో. కార్డు ఉందా, ఎకరాలెన్ని, కులమేంటి అన్న ప్రశ్నలు అక్కడ లేవు. మీ చెల్లి పేరు రేషన్ కార్డులో లేకపోయినా ఈ భోజనం ఆమెదే.

రేషన్ కార్డు విషయంలో చట్టం చేసిన ఇంకో మంచి పని ఉంది. 13వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పెద్దావిడే కార్డులో ఇంటి యజమాని. భర్త పేరు మీద కార్డు ఉండి, అతను వదిలేసి పోతే బియ్యం కూడా పోయిన ఆడవాళ్లను చూసినదాన్ని కాబట్టి, ఈ సెక్షన్ విలువ నాకు తెలుసు. అయితే పెద్దావిడ అంటే మన ఇళ్లలో అత్తగారు. కోడలికి ఈ మార్పుతో కంచంలో కొత్తగా వచ్చి పడిందేమీ లేదు. దీన్ని అత్తగారి మీద కోపంతో అనడం లేదు. ఆవిడ కూడా ఒకప్పుడు అదే వరసలో చివర కూర్చుని తిన్న మనిషే. ఇప్పుడు పరీక్ష చేయిస్తే ఆవిడకూ రక్తం తక్కువే ఉండొచ్చు. మీ చెల్లి అత్తగారిని కూడా ఆసుపత్రికి తీసుకెళ్లి రక్త పరీక్ష చేయించమని నీకు చెప్పేది అందుకే. కాగితం మీద తన అంకె చూసుకున్న అత్తగార్లు కోడలి అంకెను వేరేగా చూడటం నా అనుభవంలో చాలాసార్లు జరిగింది.

బియ్యం లెక్క కూడా ఒకసారి చూడు. తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. అంతా ఆమె కడుపులోకే వెళ్లినా వచ్చేది దాదాపు 700 కేలరీలు. పొలం పని, ఇంటి పని చేసే ఆడమనిషికి రోజుకు 2,000 పైచిలుకు కావాలి, గర్భిణికి దాని మీద ఇంకో 350 దాకా కలపాలి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు మా పాలమూరులో ఎన్నో ఇళ్ల ఆకలి తీరింది, దాన్ని నేను తక్కువ చెయ్యను. మా అమ్మ ఆ బియ్యం తెచ్చిన రోజు నాకింకా గుర్తుంది. కానీ ఆ తర్వాతి ఏళ్లలో జొన్నరొట్టె, సజ్జరొట్టె, రాగి గటక మెల్లగా పక్కకుపోయాయి. కంచం నిండా తెల్లన్నం వచ్చింది, దాని పక్కన ఉండాల్సిన పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు అందరికీ చాలినన్ని రాలేదు. చాలకపోయినప్పుడు ఎవరి కంచంలో తగ్గుతాయో నువ్వే రాశావు. పాత మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దళిత మహిళల సంఘాలు బీడు భూములు దున్ని జొన్నలు పండించి, 1990ల్లో తమ ఊళ్లలో తామే జొన్నల రేషన్ నడిపాయి. ఎవరింట్లో ఆకలి ఎక్కువో ఊరి ఆడవాళ్లే కూర్చుని తేల్చేవాళ్లు. ఏ ఇంట్లో ఎవరు ఎంత తింటున్నారో కలెక్టర్ ఆఫీసుకంటే పక్కింటి ఆడమనిషికే బాగా తెలుసు.

అంగన్‌వాడీ సంగతి నేను కొంచెం ఎక్కువ రాస్తాను, మన్నించు. నా జీవితమంతా అక్కడే గడిచింది.

2015 జనవరి 1 నుంచి తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పేరుతో గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే వేడి భోజనం పెట్టడం మొదలైంది. అన్నం, పప్పు, కూర, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అక్కడే కూర్చుని తినాలి. "ఇంటికిస్తే వాళ్లే వండుకుంటారు కదా, ఇంత తతంగం ఎందుకు" అని చాలామంది అడిగేవాళ్లు. అంతకుముందు మేము ఇంటికే సరుకు ఇచ్చేవాళ్లం. ఇంటికిచ్చిన గుడ్లు ఏమవుతాయో నాకు తెలుసు. నాలుగు గుడ్లు పులుసు పెడితే మామగారికొకటి, భర్తకొకటి, పిల్లలకు చెరొకటి. కోడలికి పులుసు. కోవిడ్ సమయంలో కేంద్రాలు మూసి, సరుకు మళ్లీ ఇళ్లకు పంపాల్సి వచ్చినప్పుడు అదే జరిగింది. ఇంటికి తీసుకెళ్లిన సరుకు ఇంటిదైపోతుంది. కేంద్రంలో కూర్చుని తింటే ఆమెదవుతుంది. చట్టం కోడలి కంచం దాకా రాగలిగిన చోటు ఇదొక్కటే. అందుకే మీ వాళ్లు ఏమన్నా సరే, మీ చెల్లి అక్కడికి వెళ్లాలని నేను గట్టిగా అంటున్నాను.

ఒక చోట మాత్రం నేనే తప్పు చేశాను. ఒక కేంద్రానికి తనిఖీకి వెళ్లినప్పుడు, ఎనిమిదో నెల గర్భిణి ఒకామె గుడ్డు తినకుండా కొంగులో దాచుకోవడం చూశాను. అందరి ముందూ గట్టిగా మందలించాను. ఆమె ఏమీ అనలేదు. తర్వాత రెండు రోజులు కేంద్రానికే రాలేదు. టీచర్ వెళ్లి అడిగితే తెలిసింది, ఇంట్లో నాలుగేళ్ల పెద్దపిల్ల గుడ్డు కోసం ఎదురుచూస్తుందట. ఆ పిల్లను అంగన్‌వాడీలో చేర్పించలేదు, ఆధార్ లేదని ఎవరో తిప్పి పంపారట. ఆధార్ సంగతి తర్వాత చూసుకోవచ్చని చెప్పి పిల్లను మరుసటి రోజే చేర్పించాం. పిల్లకు తన గుడ్డు తనకు వచ్చింది. తల్లి ఆ రోజు నుంచి తన గుడ్డు తానే తిన్నది. తిండి దాచుకునే తల్లిని తిట్టకూడదు, ఆమె ఎవరికోసం దాస్తోందో కనుక్కోవాలి. ఈ మాట తర్వాత వచ్చిన ప్రతి కొత్త టీచర్‌కూ చెప్పాను.

ఇక పరువు సంగతి. మీ చెల్లి అత్తగారింటి వాళ్లు అన్న మాట కొత్తది కాదు. చాలా ఊళ్లలో దాని వెనక కులం ఉంటుంది. కేంద్రం ఎస్సీ వాడలో ఉందనో, వండే ఆయా ఫలానా వాళ్లనో పంపరు, ఆ కారణం బయటికి చెప్పరు. మీ ఇంట్లో ఏ కారణమో నాకు తెలియదు. అది అలాంటిదే అయితే మెత్తగా నచ్చజెప్పే పని పెట్టుకోవద్దు, తప్పు అని మీ బావతో సూటిగా చెప్పు. ఉత్త మొహమాటమే అయితే దారి ఉంది. టీచర్‌ను, ఆశా కార్యకర్తను ఇంటికి రమ్మని అడుగు. వాళ్లు రిపోర్టు చేతిలో పట్టుకుని "7.8 ఉంది, రేపు కాన్పులో రక్తం ఎక్కించాల్సి వస్తే ఎవరిస్తారు" అని ఇంటి మగవాళ్లను అడిగితే గదిలో మాట మారుతుంది. గర్భిణికి సీమంతం చేసే కార్యక్రమాలు అంగన్‌వాడీల్లో జరుగుతుంటాయి. అత్తగారిని దానికి పిలిపిస్తే రాకపోకలు మొదలవుతాయి. "డాక్టర్ రాసిచ్చిన తిండి" అని చెప్పినా కొందరు ఒప్పుకుంటారు. నిజానికి అది మందులాంటిదే ఇప్పుడు ఆమెకు.

కూలికి వెళ్లే ఆడవాళ్ల కష్టం ఇంకొకటి. పత్తి ఏరే రోజుల్లో మధ్యాహ్నం కేంద్రానికి వచ్చి తినాలంటే ఆ పూట కూలి పోతుంది. అసలే మగవాళ్ల కంటే తక్కువ కూలి. చట్టం చేసినప్పుడు దీనికీ ఒక ఆలోచన ఉంది. గర్భిణికి 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి సాయం ఇవ్వాలని అదే 4వ సెక్షన్‌లో ఉంది, పని మానుకుని విశ్రాంతి తీసుకోవడానికి. 2017లో కేంద్రం పథకం తెచ్చినప్పుడు దాన్ని మొదటి కాన్పుకే పరిమితం చేసి 5,000 అన్నారు. తర్వాత 2022 నుంచి రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 అని కలిపారు. చట్టంలో "ప్రతి గర్భిణి" అని రాసి, పథకంలో కాన్పులు లెక్కపెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రాష్ట్రాల్లో పథకాల పేర్లు, మొత్తాలు మారుతూ ఉంటాయి కాబట్టి మీ చెల్లికి ఏది వర్తిస్తుందో ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను అడగండి. బ్యాంకు ఖాతా మాత్రం ఆమె పేరు మీదే ఉండాలి, ఆ ఫోన్ నంబరు ఆమె చేతిలో ఉన్న ఫోన్‌దే అయి ఉండాలి. మెసేజ్ భర్త ఫోన్‌కు వెళ్తే డబ్బు పడిన సంగతే కొందరికి తెలియదు.

రేషన్ కార్డు విషయానికి వద్దాం. పెళ్లైన ఆడపిల్ల పేరు పుట్టింటి కార్డులో ఉన్నంతకాలం అత్తింటి కార్డులో ఎక్కదు. పుట్టింటి నుంచి పేరు తీయించాలి, ఆధార్‌లో అడ్రస్ మార్పించాలి, మీసేవలో దరఖాస్తు పెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ సచివాలయంలో. ఇందులో నీకు చేదుగా ఉండే మాట ఒకటి చెప్పాలి. చాలా ఇళ్లలో ఆలస్యం పుట్టింటి దగ్గరే జరుగుతుంది. ఆరు కిలోలు తగ్గుతాయని పేరు తీయించరు. అమ్మాయి రెండు ఇళ్ల మధ్య, ఏ ఇంటి లెక్కలోనూ తిండి లేకుండా మిగిలిపోతుంది. మీ ఇంటి కార్డులో ఆమె పేరు ఇంకా ఉందేమో ముందు అది చూడు. ఉంటే ఈ వారమే తీయించి, ఆ కాగితం నకలు వాళ్లకు పంపు. తెలంగాణలో కొత్త కార్డులు, కొత్త పేర్లు చాలా ఏళ్లు ఆగిపోయి 2025లో మళ్లీ కదిలాయి. కాబట్టి పాత దరఖాస్తు ఉందని ఊరుకోకుండా అది ఏ దశలో ఉందో అడగండి. కార్డులో పేరుంటే బియ్యంతోపాటు ఆమె ఆ ఇంటి మనిషి అన్న లెక్క కూడా కాగితం మీద ఉంటుంది. రేపు ఏ అవసరానికైనా అది పనికొస్తుంది.

బియ్యంలో అక్కడక్కడా కొంచెం రంగు తేడాగా ఉండే గింజలు కనిపిస్తే ప్లాస్టిక్ అని ఏరి పారేస్తుంటారు. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి తయారుచేసిన గింజలు. పారెయ్యొద్దని చెప్పు.

ఒకవేళ అంగన్‌వాడీలో భోజనం పెట్టకపోతే, గుడ్లు తగ్గిస్తే, పేరు రాసుకోకపోతే ముందు టీచర్‌ను అడగాలి, తర్వాత సూపర్‌వైజర్‌ను, ఆ పైన ఉండే అధికారి సీడీపీఓను. ఒకటి చెప్తాను, చాలాసార్లు తప్పు టీచర్‌ది కాదు. సరుకు పైనుంచే రాదు, గుడ్ల కాంట్రాక్టర్ సగం చిన్నవి పంపుతాడు, బిల్లులు నెలల తరబడి రావు. అందుకే టీచర్ మీద అరవకుండా, రాతపూర్వకంగా పైకి ఇవ్వాలి. చట్టం కింద జిల్లాకు ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి, రాష్ట్రానికి ఒక ఆహార కమిషన్ ఉన్నాయి. అక్కడికి ఒక తెల్లకాగితం మీద రాసి పంపినా చాలు. హక్కుగా రావాల్సిన ధాన్యం, భోజనం అందకపోతే దానికి బదులు ఆహార భద్రత భత్యం ఇవ్వాలని 8వ సెక్షన్ చెబుతోంది. రేషన్ షాపు ఫిర్యాదులకు 1967 నంబరు. పొలం పని చేసే ఆడవాళ్ల వేలిముద్రలు అరిగిపోయి మిషన్‌లో పడకపోతే బియ్యం లేవని పంపించకూడదు, వేరే పద్ధతిలో గుర్తించి ఇవ్వాలి. దాన్ని కూడా ఫిర్యాదుగానే రాయండి.

ఇంకా కష్టమైన మాట. కొన్ని ఇళ్లలో వరస వల్ల తిండి తగ్గుతుంది, మీ చెల్లి ఇల్లు అలాంటిదే అని నీ రాత బట్టి అనుకుంటున్నాను. కొన్ని ఇళ్లలో కావాలనే తగ్గిస్తారు. కట్నం బాకీ ఉందని, కొడుకు పుట్టలేదని, మాటకు ఎదురు చెప్పిందని అన్నం గిన్నె దాచేస్తారు. 2005 గృహహింస చట్టం ఆర్థిక హింసను కూడా హింసగానే గుర్తించింది. ఇంటి అవసరాలకు కావలసినవి అందకుండా చెయ్యడం అందులోకే వస్తుంది. మీ చెల్లితో ఎవరూ పక్కన లేనప్పుడు ఒకసారి మాట్లాడు, స్పీకర్‌లో కాకుండా. "ఆకలేస్తే నీ అంతట నువ్వు గిన్నె తీసి వడ్డించుకోగలవా?" అని అడుగు. ఈ ఒక్క ప్రశ్న చాలు. "అవును, మొహమాటం అంతే" అంటే ఒక దారి. చాలాసేపు మాట్లాడకపోతే ఇంకో దారి. అలాంటప్పుడు 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, ముందు ఆమెను కాన్పుకు పుట్టింటికి తెచ్చుకోండి.

కాన్పు తర్వాత ఇంకో గండం ఉంది, ఇప్పుడే చెప్పి ఉంచుతాను. మన వైపు బాలింతకు పథ్యం పేరుతో పప్పు వద్దు, కూర వద్దు, నీళ్లు తక్కువ, ఉత్త కారప్పొడి అన్నం అని రోజులు గడిపేస్తారు. రక్తం పోయిన ఒంటికి, పాలివ్వాల్సిన తల్లికి అది సరిగ్గా వ్యతిరేకం. ఇది అత్తింట్లోనే కాదు, పుట్టింట్లోనూ జరుగుతుంది. అంటే మీ అమ్మతో ఇప్పుడే మాట్లాడాల్సింది నువ్వే. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు అన్నీ తినొచ్చని డాక్టర్ నోటితో మీ అమ్మ వినేలా చెయ్యి. బాలింత గడప దాటని రోజుల్లో మా టీచర్లు కొందరు భోజనం గిన్నెలో పెట్టి ఇంటికి పంపేవాళ్లు. పంపినప్పుడు ఆమె తినేదాకా ఆయా అక్కడే కూర్చుని కబుర్లు చెప్పి వచ్చేది. అలా చెయ్యమని ఏ జీఓలోనూ లేదు, ఆ ఆయాలు తమంతట తామే చేశారు.

ఇక ఇంట్లో వరస. దాన్ని మార్చగలిగేది మీ బావ ఒక్కడే. అందరికీ ఒకేసారి వడ్డించి అందరూ కలిసి కూర్చుంటే గిన్నెలో ఎంతుందో అందరికీ కనిపిస్తుంది. చాలకపోతే అందరికీ కొంచెం తగ్గుతుంది, ఒక్కరికే మొత్తం తగ్గదు. నేను చెప్పిన ఇళ్లలో కొందరు మగవాళ్లు నవ్వారు, కొందరు వారం చేసి మానేశారు. ఒకాయన మాత్రం "మేడమ్, కూర ఇంత తక్కువ వండుతున్నామని నాకు ఇన్నాళ్లూ తెలియలేదు" అన్నాడు. పెళ్లయిన పదకొండేళ్లకు ఆయన ఆ గిన్నె అడుగు చూశాడు. మీ బావకు ఫోన్ చేసి చట్టాల గురించి చెప్పొద్దు. "నువ్వు తినేటప్పుడు దాన్ని పక్కన కూర్చోబెట్టుకో బావా, నెల రోజులు" అని అడుగు. అత్తగారిని కూడా కూర్చోబెట్టమను.

నాలుగు వారాల తర్వాత మళ్లీ రక్త పరీక్ష చేయించి, ఎంత వచ్చిందో నాకు రాయి.